ప్రశ్నలడిగి వెళ్ళిన నర్సమ్మ జవాబు చెప్పేదెప్పుడు?

మూసాపేట: పొద్దున ఆరున్నర గంటలకు మూసాపేట మెట్రో స్టేషన్ మెట్ల కింద నిలబడితే రెండు రకాల జనం కనిపిస్తారు. మెడలో కంపెనీ బిళ్ళ వేలాడదీసుకొని హైటెక్ సిటీ వైపు పోయే కుర్రకారు ఒక రకం. రాత్రి డ్యూటీ దిగి కళ్ళు నులుముకుంటూ వచ్చేవారు, పగటి డ్యూటీకి టిఫిన్ డబ్బా పట్టుకొని పరుగెత్తేవారు రెండో రకం. ఈ రెండో రకంలో నర్సులు కొల్లలు. పాపం, వీరి గురించి పత్రికల్లో రాసేది సమ్మె చేసినప్పుడే.

మూసాపేట ఒకప్పుడు ఊరే. బాలానగర్‌లో ఐ.డి.పి.ఎల్. మందుల ఫ్యాక్టరీ, సనత్‌నగర్‌లో కార్ఖానాలు వచ్చాక కార్మికుల పేట అయింది. 2007లో కూకట్‌పల్లి మునిసిపాలిటీ గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసింది. 2017లో మెట్రో రైలు వచ్చింది. 2022లో కైత్లాపూర్ రైల్వే వంతెన తెరిచాక హైటెక్ సిటీ పక్కింటి దూరమైంది. సనత్‌నగర్ ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి, ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి, అక్కడే ఉన్న మానసిక వైద్యశాల, ఇటు కూకట్‌పల్లి, అటు మాదాపూర్ ప్రయివేటు ఆసుపత్రులు అన్నీ ఇక్కడికి దగ్గరే. అందుకే ఊళ్ళ నుంచి నర్సు ఉద్యోగానికి, నర్సు చదువుకు వచ్చిన ఆడపిల్లలు ఇక్కడి హాస్టళ్ళలో, గదికి ముగ్గురు నలుగురు చొప్పున సర్దుకుంటారు.

వీరిలో కొందరి భుజాన ఇంకో సంచి ఉంటుంది. అందులో జిరాక్స్ తీసిన ప్రశ్నల కాగితాలు, బొమ్మల చార్టు ఉంటాయి. వీరు ఎం.ఎస్సి. నర్సింగ్ విద్యార్థినులు. ఆ కాగితాలు చేరేది పల్లెలకే. మేడ్చల్, కీసర, ఘట్‌కేసర్ వైపు ఊళ్ళలో, అటు మెదక్, వికారాబాద్ వైపు పల్లెల్లో అరుగు మీద కూర్చొని వీరి ప్రశ్నలకు జవాబులిచ్చిన తల్లులు చాలామందే ఉంటారు.

అరవై మంది, ముప్పై ప్రశ్నలు

ఎం.ఎస్సి. నర్సింగ్ రెండేళ్ళ చదువు. ఆ రెండేళ్ళలో ప్రతి విద్యార్థినీ ఒక విషయం మీద పరిశోధన చేసి గ్రంథం సమర్పించవలసిందే. పసిపిల్లలకు పాలు పట్టడం, విరేచనాలైతే ఉప్పు చక్కెర నీళ్ళు తాగించడం, గర్భిణుల్లో రక్తహీనత, షుగరు ఉన్నవారు పాదాలు కాపాడుకోవడం ఇటువంటి విషయాలు తీసుకుంటారు. వాటి శీర్షికలు కూడా ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి. "ఎంపిక చేసిన గ్రామంలోని తల్లుల పరిజ్ఞానంపై ప్రణాళికాబద్ధ బోధన ప్రభావం" అన్న వరసలోనే నూటికి సగం సాగుతాయంటే అతిశయోక్తి కాదు.

పద్ధతి కూడా అంతే. ఒక ఊళ్ళో అరవై మందిని ఎంచుకుంటారు. ముప్పై దాకా ప్రశ్నలడిగి మార్కులు వేస్తారు. బొమ్మల చార్టు పెట్టి ముప్పావు గంట పాఠం చెబుతారు. వారం తిరిగాక వచ్చి మళ్ళీ అవే ప్రశ్నలడుగుతారు. రెండోసారి మార్కులు పెరుగుతాయి. పెరగక ఏమవుతాయి? వారం కిందట చెప్పిన పాఠమే కదా. లెక్కలు కట్టి, పట్టికలు వేసి, గట్టి అట్ట వేయించి, అట్ట మీద బంగారు రంగు అక్షరాలు అద్దించి కాలేజీలో ఇస్తారు. పరీక్షకులు చూస్తారు. తర్వాత అది లైబ్రరీ అలమారాలో చేరుతుంది.

ఊరివాళ్ళకు మాత్రం మళ్ళీ కబురు ఉండదు. "మళ్ళెప్పుడొస్తవు బిడ్డా?" అని అడిగే అవ్వకు ఆ పిల్ల నవ్వి ఊరుకుంటుంది. ఆమెకూ తెలియదు మరి.

ఇందులో ఆ పిల్లల తప్పు ఎంచడం న్యాయం కాదు. ఊళ్ళు తిరగడానికి వారికి దొరికేది నెల, నెలన్నర. బస్సు ఛార్జీలు, జిరాక్సులు, అట్ట కట్టే ఖర్చు చాలావరకు సొంతానివే. షుగరు రోగి పాఠం విన్నాక ఆరు నెలలకు నిజంగా రోజూ పాదాలు చూసుకుంటున్నాడా, పుండు పడకుండా తప్పించుకున్నాడా అన్నది తేల్చాలంటే ఆరు నెలలు ఆగాలి. ఆలోగా చదువు అయిపోతుంది. కనుక తేలికగా కొలవగలిగేది కొలుస్తారు. తెలివిడి కొలుస్తారు, ఆరోగ్యం కొలవరు.

నర్సులకు పెద్ద చదువు ఈ దేశానికి మరీ పాతదేమీ కాదు. 1946లో ఢిల్లీలోను, తమిళనాట వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలోను నర్సింగ్ డిగ్రీ మొదలైంది. ఢిల్లీలోని రాజకుమారి అమృత్ కౌర్ కాలేజీలో 1959లో ఎం.ఎస్సి. వచ్చింది. నర్సులు డాక్టరేటు చేసుకోవడానికి జాతీయస్థాయిలో ఒక ఏర్పాటు 2005లో గాని కుదరలేదు. తెలుగునాట 1986లో విజయవాడలో ఆరోగ్య విశ్వవిద్యాలయం పెట్టారు. రాష్ట్రం రెండయ్యాక తెలంగాణ కాలేజీలు వరంగల్లులోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం కిందికి వచ్చాయి. కాలేజీలకు కొదవ లేదు, గ్రంథాలకూ లేదు. ఆ గ్రంథాల వల్ల పల్లె దవాఖానాలో ఏ పద్ధతి మారిందని అడిగితే మాత్రం జవాబు కష్టం.

ఇలాంటి చిక్కునే మనకంటే గట్టిగా ఎదుర్కొన్న చోటు ఒకటుంది. అది దక్షిణాఫ్రికా. అక్కడ కూడా డాక్టర్లు పట్నం వదలరు. పల్లె క్లినిక్ అంటే నర్సే. నర్సు ఏ పని చేయగలదు, ఏది చేయకూడదు అన్న తగాదాను వాళ్ళు వాదనతో కాక పల్లెల్లోనే పరిశోధన చేసి తేల్చుకున్నారు.

తెలుగు కూలీలు దిగిన రేవుకు ఎగువన

ఆ దేశం తెలుగువారికి బొత్తిగా కొత్తది కాదు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి బయలుదేరిన ట్రూరో అనే ఓడ డర్బన్ రేవు చేరింది. చెరుకు తోటల్లో ఒప్పందపు కూలీలుగా అలా వెళ్ళినవారిలో తమిళులతోపాటు తెలుగువారూ ఉన్నారు. వారి వారసులు డర్బన్ చుట్టుపక్కల ఈనాటికీ ఆంధ్ర మహాసభ నడుపుకొంటున్నారు.

ఆ డర్బన్ ఉన్న నేటాల్ ప్రాంతంలోనే, రేవుకు దూరంగా కొండల అంచున ఫొలేలా అనే చోటు ఉంది. జులూ జాతి పేదలుండే ఊళ్ళు అవి. 1940లో సిడ్నీ కార్క్, ఎమిలీ కార్క్ అనే డాక్టర్ దంపతులు అక్కడికి వెళ్ళారు. వారితో ఎడ్వర్డ్ జాలీ అనే వైద్య సహాయకుడు, ఆయన భార్య అమీలియా జాలీ అనే నర్సు పనిచేశారు. జాలీ దంపతులు ఆఫ్రికావారే. భాష, ఆచారం తెలిసినవారు. కార్క్ దంపతుల పని నిలబడింది వీరి ఆసరాతోనే.

వీరు ఆసుపత్రి కట్టి రోగుల కోసం కూర్చోలేదు. ముందు నూరు పైచిలుకు ఇళ్ళు ఎంచుకొని, స్థానిక యువతీ యువకులకు తర్ఫీదు ఇచ్చి ఇంటింటికీ పంపారు. ఇంట్లో ఎందరు, ఏం తింటున్నారు, నీళ్ళు ఎక్కడివి, నిరుడు ఎందరు పిల్లలు పోయారు అన్నీ రాసుకున్నారు. ఏడాదికోసారి మళ్ళీ లెక్క తీశారు. తిండిలో కూరగాయలు లేవని తేలింది. ఇంటి వెనక మళ్ళు వేయించారు, విత్తనాలు అందేలా చూశారు. ఆ తర్వాత ఇంకొన్ని ఇళ్ళు చేర్చుకున్నారు. అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటి. తీసిన లెక్కను ఊరివాళ్ళ ముందే పెట్టి మాట్లాడేవారు. మీ ఊళ్ళో ఇంతమంది పసివాళ్ళు పోయారు, పక్క వాడలో ఇంతే పోయారు, ఎందుకంటారు అని అడిగేవారు. పదేళ్ళు తిరిగేసరికి పసిపిల్లల చావులు బాగా తగ్గాయి.

ఈ నమూనా చూసి దేశమంతటా ఆరోగ్య కేంద్రాలు పెట్టాలని గ్లక్‌మన్ కమిషన్ సిఫారసు చేసింది. కొన్ని డజన్లు తెరిచారు కూడా. కాని 1948లో జాతి వివక్ష ప్రభుత్వం గద్దెనెక్కింది. నల్లవారి ఊళ్ళ ఆరోగ్యం దానికెందుకు? కేంద్రాలు ఒకటొకటిగా మూతబడ్డాయి. కార్క్ దంపతులు 1950ల చివర దేశం విడిచి వెళ్ళిపోయారు. ఫొలేలా పద్ధతి మాత్రం ప్రపంచంలోని ఎన్నో ప్రజారోగ్య కాలేజీల్లో పాఠమైంది.

నర్సుల చదువులోనూ ఆ వివక్ష ఉంది. 1908లో సిసీలియా మకివానె ఆ దేశంలో రిజిస్టరైన మొదటి నల్లజాతి నర్సు అయింది. ఆ తరువాత దశాబ్దాలపాటు తెల్ల నర్సుకు ఒక జీతం, నల్ల నర్సుకు ఒక జీతం. షూలా మార్క్స్ అనే చరిత్రకారిణి దీనిమీదే పరిశోధించి 1994లో పుస్తకం వేసింది. అక్కడి విద్యలో మెచ్చుకోదగినది ఇంకొకటి ఉంది. మనకు 1982లో సార్వత్రిక విశ్వవిద్యాలయం వచ్చి పోస్టులో పాఠాలు అందాయి. దక్షిణాఫ్రికా విశ్వవిద్యాలయం 1946 నుంచే ఆ పని మొదలుపెట్టింది. తర్వాతి కాలంలో నర్సులు ఉద్యోగం వదలకుండా, తాము పనిచేసే క్లినిక్‌నే పరిశోధన స్థలంగా చేసుకొని పెద్ద డిగ్రీలు తీసుకోవడానికి ఇది దారి అయింది. ఇరుగుపొరుగు దేశాల నర్సులు కూడా అందులో చదివారు. ఇక్కడ ఒక తేడా గమనార్హం. ఎక్కడో ఒక ఊరికి నెల రోజులు చుట్టంగా వెళ్ళి ప్రశ్నలడగడం వేరు. పదేళ్ళుగా సూది వేస్తున్న చోట తనకే తగిలిన సందేహాన్ని పరిశోధించడం వేరు.

నర్సు మందు రాయవచ్చునా?

2000 తర్వాత ఆ దేశాన్ని హెచ్.ఐ.వి. ముంచెత్తింది. మందులున్నాయి. రాసే డాక్టర్లు లేరు. మందు కోసం వరసలో నిలబడినవారు వరసలోనే పోతున్నారు. నర్సు రాసిస్తే ఏమిటని కొందరన్నారు. ప్రాణాలతో చెలగాటమని ఇంకొందరన్నారు.

ఈ తగాదాను తేల్చడానికి ఫ్రీ స్టేట్ అనే రాష్ట్రంలో 31 క్లినిక్‌లు తీసుకున్నారు. చీటీలు వేసినట్టు వాటిని రెండు జట్లుగా విడదీశారు. 16 క్లినిక్‌లలో నర్సులకు తర్ఫీదు ఇచ్చి, హెచ్.ఐ.వి. మందులు మొదలుపెట్టే అధికారం, కొనసాగించే అధికారం ఇచ్చారు. మిగతా 15 క్లినిక్‌లలో ఎప్పటిలాగే డాక్టర్ రాయాలి. 2008 నుంచి 2010 దాకా 15 వేలకు పైగా రోగుల బాగోగులు కనిపెట్టారు. లారా ఫెయిరల్ బృందం ఆ ఫలితాలను 2012లో లాన్సెట్ పత్రికలో ప్రచురించింది.

ఫలితం ఏమిటి? మొత్తం మీద చావులు తగ్గలేదు, పెరగనూ లేదు. వ్యాధి మరీ ముదరక ముందే వచ్చినవారిలో మాత్రం నర్సుల క్లినిక్‌లలో చావులు కొంత తక్కువ. అప్పటికే మందులు వాడుతున్నవారికి ఎవరి చేతిలోనైనా జబ్బు ఒక్క తీరుగానే అదుపులో ఉంది. నర్సు రాస్తే అద్భుతాలు జరుగుతాయన్నవారి మాటా నెగ్గలేదు, నర్సు రాస్తే కొంప మునుగుతుందన్నవారి మాటా నెగ్గలేదు. అంతకుముందే 2010లో కేప్‌టౌన్, జొహానెస్‌బర్గ్ క్లినిక్‌లలో 812 మంది మీద జరిగిన ఇంకొక పరీక్షలోను నర్సు చికిత్స డాక్టర్ చికిత్సకు తీసిపోలేదని తేలింది.

2010లోనే ఆ ప్రభుత్వం రూలు మార్చింది. తర్ఫీదు పొందిన నర్సు తానే హెచ్.ఐ.వి. మందులు మొదలుపెట్టవచ్చునని ఆజ్ఞ వేసింది. ఊళ్ళోని క్లినిక్‌కు నడిచిపోయి, ఆ నర్సు చేతే మందు తీసుకొనే వీలు లక్షల మందికి కలిగింది.

కాన్పుల లెక్క ఎవరు తీస్తారు?

మనకు ఇక్కడ తేల్చుకోవలసిన తగాదాలు లేవా? కావలసినన్ని ఉన్నాయి. అన్నిటిలోకి పెద్దది కాన్పు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు పెద్దాపరేషనుతో జరిగాయి. దేశం మొత్తం మీద ఈ లెక్క 21.5 మాత్రమే. రాష్ట్రంలోని ప్రయివేటు ఆసుపత్రుల్లో 81.5, సర్కారు ఆసుపత్రుల్లో 44.5. ఒక జనాభాలో ఆపరేషన్లు నూటికి పది దాటాక వాటివల్ల తల్లీబిడ్డల చావులు ఇంకా తగ్గుతున్న దాఖలా లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. అవసరమైన చోట ఆపరేషన్ ప్రాణం నిలుపుతుంది, అందులో సందేహం లేదు. కాని ముగ్గురిలో ఇద్దరికి దాదాపు అవసరమవుతుందా? కోత కోసిన తల్లి ఎన్నాళ్ళకు పొలం పనికి వంగగలుగుతుందో ఇంటివాళ్ళకు తెలుసు. ఇందులో ఆసుపత్రుల వాటా ఎంతో, ముహూర్తం చూసి కోయించుకొనే మన పిచ్చి వాటా ఎంతో వేరే చెప్పనక్కర లేదు.

దీనికి విరుగుడుగా తెలంగాణ ప్రభుత్వం 2017లో ఒక పని మొదలుపెట్టింది. హైదరాబాదులోని ఫెర్నాండెజ్ ఆసుపత్రి, యునిసెఫ్ తోడ్పాటుతో స్టాఫ్ నర్సులకు పద్దెనిమిది నెలల మిడ్‌వైఫ్ శిక్షణ పెట్టారు. మొదటి జట్టులో ముప్పై మంది. మిడ్‌వైఫ్ అంటే పాతకాలపు మంత్రసాని ఓర్పు, నేటి వైద్యశాస్త్రం రెండూ కలిసిన మనిషి అనుకోవచ్చు. నొప్పులు పడుతున్న తల్లిని మంచానికి కట్టేయకుండా నడిపిస్తుంది. ధైర్యం చెబుతుంది. బిడ్డ గుండె చప్పుడు వింటూ కూర్చుంటుంది. ప్రమాదపు గుర్తు కనిపించిన క్షణంలో డాక్టర్‌ను పిలుస్తుంది. 2018 డిసెంబరులో కేంద్రం కూడా దేశమంతటికీ ఇటువంటి మిడ్‌వైఫ్ సేవల మార్గదర్శకాలు విడుదల చేసింది.

మరి ఆ మిడ్‌వైఫ్‌లు కూర్చున్న ఆసుపత్రిలో కోతలు తగ్గాయా? తగ్గితే ఎంత? తల్లులు ఏమంటున్నారు? ఆమె సెలవు పెట్టిన రాత్రి ఏం జరుగుతోంది? ఇవి ఒక ఎం.ఎస్సి. విద్యార్థిని కాన్పుల రిజిస్టరు ముందేసుకొని రెండేళ్ళలో తేల్చగల ప్రశ్నలు. బొమ్మల చార్టు పని లేదు. మార్కుల పని అంతకంటే లేదు. పల్లె దవాఖానాలో కూర్చున్న నర్సు బి.పి., షుగరు రోగులను నెలనెలా చూస్తే ఎంతమందికి జబ్బు అదుపులో ఉంటోంది అన్నదీ అటువంటిదే. మూసాపేట హాస్టళ్ళ నుంచి రోజూ డ్యూటీకి పోయే నర్సును కదిపితే ఇలాంటి సందేహాలు పది చెబుతుంది. రాత్రి వార్డులో ఒక్క నర్సుకు ఎందరు రోగులైతే పొరపాట్లు మొదలవుతాయి అన్నది వాటిలో మొదటిది.

ప్రాణహిత అవతలి ఒడ్డున

ఇవన్నీ ఆఫ్రికాలోనే సాధ్యమనుకోనక్కరలేదు. ప్రాణహిత దాటితే మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా. దాని సిరొంచ వైపు తెలుగు వినబడుతుంది. అక్కడ డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు ఊరి ఆడవాళ్ళకే తర్ఫీదు ఇచ్చి, పుట్టిన బిడ్డను ఇంటి దగ్గరే కనిపెట్టుకొనే పద్ధతి పెట్టారు. బిడ్డను తూచడం, వెచ్చగా ఉంచడం, చీము జ్వరం గుర్తుపట్టి సూది వేయడం అందులో ఉన్నాయి. 39 ఊళ్ళలో ఈ పని చేసి, చేయని 47 ఊళ్ళతో పోల్చి చూశారు. మూడో ఏటికి నెల లోపు బిడ్డల చావులు 62 శాతం తగ్గాయని 1999లో ప్రకటించారు.

ఈనాడు బాలింత ఇంటికి ఆశా కార్యకర్త వేలాడే త్రాసు తెచ్చి బిడ్డను తూచి పోతుంది కదా. ఆసుపత్రిలో కాన్పయిన తల్లి దగ్గరికి మూడో రోజు, ఏడో రోజు, అలా నలభై రెండో రోజు దాకా ఆరుసార్లు రావాలని 2011లో పెట్టిన ఆ రూలుకు మూలం గడ్చిరోలి ఊళ్ళలో తీసిన లెక్కే. మనింటి గడపలోకి వచ్చిన త్రాసు వెనక ఒక పరిశోధన ఉన్న సంగతి ఎంతమందికి తెలుసు?

అడిగే హక్కు ఊరికీ ఉంది

ఇక మన అరుగు మీది ప్రశ్నల కాగితం సంగతి. భారత వైద్య పరిశోధన మండలి 2017లో నైతిక నియమాలు ప్రకటించింది. వాటి ప్రకారం ప్రశ్నలడిగే ముందు పరిశోధన ఎందుకో, ఎవరిదో, ఎంతసేపు పడుతుందో తెలిసిన భాషలో చెప్పాలి. ఒప్పుకుంటేనే అడగాలి. వద్దంటే మానుకోవాలి. మధ్యలో వద్దన్నా సరే. వద్దన్నందుకు దవాఖానాలో చూడటం మానడానికి వీల్లేదు. చదువు రానివారైతే సాక్షి ఎదుట చదివి వినిపించి వేలిముద్ర తీసుకోవాలి. పరిశోధనలో ఏం తేలిందో అందులో పాల్గొన్నవారికి, ఆ ఊరికి తెలియజేసే బాధ్యత కూడా పరిశోధకులదేనని ఆ నియమాలు చెబుతున్నాయి.

చాలా ఊళ్ళలో మనవాళ్ళు "చదువుకొనే పిల్ల, పోనీలే" అని అడక్కుండానే వేలిముద్ర వేసేస్తారు. మంచితనమే. కాని ఆ పిల్ల చేతిలో ఉన్నది ఒక్క ప్రశ్నల కాగితమే కాదు. పరిశోధన వివరాల పత్రం ఇంకొకటి ఉంటుంది, అది మన దగ్గర ఉంచుకోవలసిన ప్రతి. పరిశోధన చేస్తున్నవారి పేరు, ఫోను నెంబరు, నైతిక కమిటీ వారిని సంప్రదించే వివరాలు అందులో రాసి ఉంటాయి. నాలుగు నెలలు పోయాక గ్రామ పంచాయతీ వారైనా, మహిళా సంఘం వారైనా ఆ నెంబరుకు ఫోను చేసి, మా ఊళ్ళో అడిగి పోయినదాంట్లో ఏం తేలిందమ్మా అని అడగవచ్చు.